ఎసట్లో పోసేవి ఏ నీళ్ళు?

మార్కాపురం దాటి కనిగిరి దారిలో కొంత దూరం పోయి, రోడ్డు దిగితే వస్తుంది ఆ ఊరు. వేపచెట్టు కింద అరుగు చుట్టూ తెల్లకోట్ల పిల్లలు. ఎంబీబీఎస్ మొదటి ఏడాది నుంచే ప్రతి విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని బాగోగులు చూడాలని 2022లో జాతీయ వైద్య కమిషన్ నియమం పెట్టింది. అలా వచ్చినవాళ్ళతో కలిసి నేనూ ఒక వీధి తిరిగాను.

ఇక్కడ బీపీ, షుగర్ల కంటే ముందు మాట్లాడాల్సింది నీళ్ళ గురించి. నీళ్ళలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో వైద్యులు తొలిసారి గ్రంథస్థం చేసింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే. ఇన్నేళ్ళుగా తెలిసిన జబ్బు ఇంకా ఇళ్ళలో ఉండటం నాకు మింగుడుపడదు.

ఒక ఇంట్లో విద్యార్థిని అడిగింది: "ఏ నీళ్ళు తాగుతున్నావు అవ్వా?"

"క్యాను నీళ్ళేనమ్మా. బోరు నీళ్ళు తాగడం మానేసి శానా కాలమైంది."

అది రాసుకుని లేవబోతుంటే పక్కనున్న అబ్బాయి పొయ్యి వైపు చూశాడు. "మరి ఎసట్లో ఏ నీళ్ళు పోస్తావు?"

"కొనుక్కొచ్చిన నీళ్ళు ఎసట్లో పోస్తే ఎట్టా నాయనా? వంటకి బోరే. కాగితే అంతా పోద్దిగా."

"ఉప్పు నీళ్ళు కాగబెడితే ఉప్పు పోతుందా అవ్వా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "పోదు. అడుగున పేరుకుంటది."

ఫ్లోరైడూ అంతే. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ అది పోదు. నీరు ఇగిరేకొద్దీ మిగిలిన నీటిలో చిక్కబడుతుంది. అన్నం, పప్పు, టీ అన్నిటితోనూ లోపలికి పోతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఫరవాలేదని మన ప్రమాణం. "శుద్ధ జలం తాగండి" అని కరపత్రం పంచి వెళ్ళిపోతే ఈ పొయ్యి సంగతి ఎన్నటికీ బయటపడదు.

ఎముకలు బిగుసుకున్నాయేమో చూడటానికి పక్కింటి రైతు చేత మూడు పనులు చేయించారు: మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోవడం, గడ్డం రొమ్ముకు ఆనించడం, చేతులు తల వెనక్కి పెట్టడం. ఆయన మెడ సగం దాకా వంగి ఆగిపోయింది. చొక్కా జేబులోంచి నొప్పి బిళ్ళల అట్ట తీసి చూపించాడు, రోజూ వేసుకుంటాడట. ఫ్లోరైడ్‌ను బయటికి పంపేవి కిడ్నీలే, ఆ బిళ్ళలు వాటినే దెబ్బతీస్తాయని చెప్పి, డాక్టర్ని అడగకుండా మింగొద్దని బతిమాలారు.

పిల్లవాడి పళ్ళ మీద గోధుమ రంగు చారలు చూసి తల్లి, తోముకోడని వాణ్ణి కసిరింది. అవి చిగుళ్ళ కింద పన్ను తయారయ్యేటప్పుడే ఫ్లోరైడ్ వల్ల పడ్డ చారలు, తోమితే పోవు. శాశ్వత దంతాలు చాలావరకు ఎనిమిదేళ్ళ లోపే రూపు కడతాయి కాబట్టి, ఉన్నది ఒక్క క్యానే అయితే చిన్నపిల్లలకూ గర్భిణులకూ ముందు అన్నారు. ఆ తల్లి ఈ రోజు నుంచే చేయగల పని అది. చింతపండు మాట కూడా వచ్చింది. రోజూ పది గ్రాములు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. పులుసు మంచిదే, కానీ నీళ్ళు మారకపోతే పులుసొక్కటే కాపాడలేదు.

"వెలిగొండ నీళ్ళెప్పుడొస్తాయి?" అని ఒక పెద్దాయన ఆ పిల్లలనే అడిగాడు. వెలిగొండ ప్రాజెక్టుతో కృష్ణా నీటిని నల్లమల కింద 18.8 కిలోమీటర్ల సొరంగాల గుండా ఇటు తేవాలని 1996లో శంకుస్థాపన జరిగింది. జవాబు చెప్పాల్సింది వాళ్ళు కాదు.

ఒకే ఊళ్ళో బోరుకూ బోరుకూ ఫ్లోరైడ్ తేడా ఉండొచ్చు. వచ్చేసారి అన్ని బోర్ల నీళ్ళూ సీసాల్లో పట్టి పరీక్షకు పంపాలనీ, తక్కువున్న బోరును వంటకు చూపించాలనీ అనుకున్నారు. నోటుబుక్కులో 'తాగే నీళ్ళు' పక్కన 'వంట నీళ్ళు' అని మరో గడి గీసి, మళ్ళీ మొదటి ఇంటికి బయల్దేరారు.