పదహారణాల పాఠం

2021 డిసెంబరు 31. సూరత్ నగరంలోని నవాగామ్‌లో, మరమగ్గాల చప్పుడు ఎడతెగక వినవచ్చే ఒక చిన్న గదిలో కూర్చున్న యువకునికి ఆ వార్త పిడుగుపాటే అయింది. వస్త్రాలపై జి.ఎస్.టి. మరునాటి నుండి 5 శాతానికి బదులు 12 శాతం కావలసి ఉన్నది. నవంబరులోనే ప్రభుత్వ ప్రకటన వెలువడింది. దానిని అనుసరించి అతడు వారం రోజులు శ్రమించి, బట్టల వ్యాపారులకై తాను వ్రాసిన బిల్లుల ప్రోగ్రాములో 5 ఉన్నచోటనల్లా 12 చేశాడు. తీరా ఆనాడు జి.ఎస్.టి. మండలి తన 46వ సమావేశంలో ఆ పెంపును వాయిదా వేసింది!

తిరిగి 12లను 5లు చేయబూనినప్పుడు గాని అసలు చిక్కు తెలిసిరాలేదు. ఒకచోట 12 అంటే పన్ను కాదు, ఏడాదిలోని నెలలు. తొందరలో మార్చిన 5లలో ఒకటి, రొక్కం చెల్లించినవారికి ఇచ్చే తగ్గింపు. అంకె తన అర్థమేమిటో తాను చెప్పదు గదా! తెల్లవారితే దుకాణాలు తెరుస్తారు. తప్పుడు బిల్లు ఒక్కటి వెళ్ళినా, పోయేది అతని అన్నం.

కరీంనగర్ ప్రాంతం నుండి వలస వచ్చి, జాకార్డు మగ్గం మీదనే జుట్టు నెరసిన తండ్రి సంగతంతా విని, ఒక్కమాట అన్నాడు: “పువ్వు మారాల్నంటే మగ్గం ఇప్పుతమా బిడ్డా? అట్టలు మారుస్తం.”

1804లో ఫ్రాన్సు దేశపు జాకార్డ్ రూపొందించిన మగ్గంలోని కిటుకు అదే. నమూనా మగ్గంలో ఉండదు. చిల్లులు పొడిచిన అట్టలలో ఉంటుంది. ప్రోగ్రామర్ల పరిభాషలో అట్టలు పారామీటర్లు. మగ్గానికే పువ్వును బిగించడం హార్డ్‌కోడింగ్.

కుమారుడు ఆ రాత్రే పన్ను రేట్లను విడిగా ఒక పట్టికలో, అమలు తేదీలతో సహా పెట్టాడు. పాత సరుకు తిరిగివస్తే, అమ్మిన నాటి రేటే కట్టవలె గదా! అయితే ఉత్సాహం హద్దు మీరింది. వారానికి రోజులెన్ని అన్నది కూడా పట్టిక కెక్కింది. గుమాస్తాలు ఆ ప్రశ్నల వరుస చూసి బెదిరిపోయారు. తండ్రి నవ్వాడు: “మగ్గం గూడ అట్టలతోనే కడ్తవా?”

ఏది మారుతుంది, ఏది మారదు? రూపాయికి పదహారణాలన్నది తరతరాలకు తిరుగులేని లెక్క. 1957 ఏప్రిల్ 1న నూరు నయాపైసలు వచ్చి దానిని తుడిచివేశాయి. మన నుడికారంలో మాత్రం పదహారణాలు నేటికీ చెల్లుతున్నాయి. సర్వానికీ సిద్ధపడటం ఎవరి తరమూ కాదు. ఒకరి నిర్ణయం మీద ఆధారపడిన అంకెను వెలుపల ఉంచాలి. వస్తు స్వభావంలోనే ఉన్నదానికి ఒక పేరు పెట్టి, ఒకేచోట లోపల ఉంచాలి. అతడు నేర్చుకున్న వివేకం ఇంతే.

2025 సెప్టెంబరు 22న కృత్రిమ నూలుపై పన్ను 12 నుండి 5 శాతానికి దిగింది. అతడు పట్టికలో ఒక్క వరుస చేర్చి, తండ్రితో కలిసి భోజనానికి లేచాడు.