ఐర్లాండ్‌లో ఉదారవాదానికి కొలబద్దలు

ఐర్లాండ్ రాజ్యాంగంలో ఒక్క మాట మార్చాలన్నా పార్లమెంటు ఆమోదం చాలదు, జనం ఓటేయాలి. అందువల్ల విడాకులు, గర్భస్రావం, స్వలింగ వివాహం వంటి విషయాల్లో ఎవరు ఏ పక్షమో అక్కడ ఊహించనక్కర్లేదు. నియోజకవర్గాల వారీగా అంకెలు దొరుకుతాయి. ఏ ప్రాంతం ఉదారం, ఏది ఛాందసం అన్న వాదులాట చాలావరకు ఈ అంకెల మీదే నడుస్తుంది.

గర్భస్థ శిశువుకు తల్లితో సమానంగా ప్రాణహక్కు ఇచ్చిన ఎనిమిదో సవరణను 1983లో దాదాపు 67 శాతం బలపరిచారు. 1986లో విడాకులు వద్దన్నవారు 63 శాతానికి పైగా ఉన్నారు. 1995లో అవే విడాకులు దేశం మొత్తం మీద 9,114 ఓట్ల తేడాతో గట్టెక్కాయి. 2015 మే 22న స్వలింగ వివాహానికి 62 శాతం, 2018 మే 25న ఎనిమిదో సవరణ రద్దుకు 66 శాతం మద్దతు వచ్చింది.

అధికారికంగా ప్రకటించేది నియోజకవర్గం లెక్క మాత్రమే. లోపలి సంగతి తెలిపేది ‘టాలీ’. ఓట్ల లెక్కింపు రోజున పెట్టె సీలు విప్పి బ్యాలెట్లు విప్పుతూ ఉంటే, అడ్డుకట్టకు ఇవతల పార్టీల కార్యకర్తలు అట్టా పెన్సిలూ పట్టుకుని నిలబడి, కనబడిన ప్రతి ఓటుకూ ఓ గీత గీస్తారు. మధ్యాహ్నమయ్యేసరికి ఏ ఊరి పెట్టె ఎటు పోయిందో తేలిపోతుంది. బూత్ వారీ మెజారిటీలను నోటికి అప్పజెప్పే తెలుగువాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. 

అంకెలున్నంత మాత్రాన తగువు తీరదు. 2015లో స్వలింగ వివాహం ఓడిన ఒకే ఒక్క నియోజకవర్గం రాస్‌కామన్-సౌత్ లీట్రిమ్. వెంటనే దానికి వెనకబడిన ప్రాంతమన్న ముద్ర పడింది. నిజానికి అక్కడ వద్దన్నవారు 51.4 శాతమే, అంటే ఇంచుమించు సగం మంది అవునన్నారు. మూడేళ్ల తర్వాత, హద్దులు మారిన రాస్‌కామన్-గాల్వే గర్భస్రావం విషయంలో అవుననే చెప్పింది. ఈసారి ఒంటరిగా నిలిచింది డోనెగల్. ఇంతకీ ఆ తేడా ఊరిదా, వయసుదా? 2018లో పోలింగ్ కేంద్రాల బయట జరిగిన సర్వేల్లో 65 ఏళ్లు దాటినవారే వద్దన్నారు, మిగతా అన్ని వయసులవారూ అవునన్నారు. చదువుకూ కొలువుకూ యువత వెళ్లిపోయిన పల్లె, ఆలోచన మారకపోయినా లెక్కలో మాత్రం ఛాందసంగా కనబడుతుంది.

ఆ కొలబద్ద 2024 మార్చి 8న గట్టిగానే బెసికింది. కుటుంబ నిర్వచనాన్ని విస్తరించే సవరణను 67.7 శాతం, ఇంట్లో స్త్రీ పాత్రను ప్రస్తావించే పాత వాక్యాలను మార్చే సవరణను 73.9 శాతం తిరస్కరించారు. మొదటిదానికి అవునన్న నియోజకవర్గం డన్ లేరీ ఒక్కటే, అదీ అంచు మీద. ఇదంతా ఛాందసుల విజయమనుకుంటే పొరపాటు. రెండో సవరణలో సంరక్షణ విషయంలో ప్రభుత్వ బాధ్యతను మరీ నీరుగార్చారని వికలాంగుల హక్కుల కార్యకర్తల్లో పలువురు కూడా వద్దన్నారు. బ్యాలెట్ కాగితం మీద ఇద్దరిదీ ఒకే గుర్తు. ఇంకా వెనక్కి వెళితే, 2004లో ఐర్లాండ్ గడ్డ మీద పుట్టిన ప్రతి బిడ్డకూ పౌరసత్వమన్న నియమాన్ని తీసేయడానికి 79 శాతం ఓటేశారు. పదకొండేళ్లకు స్వలింగ వివాహానికి జేజేలు కొట్టిన దేశమూ ఇదే.

ఓటు తెలిపేది చట్టం ఎలా ఉండాలన్నదే. పక్కవాణ్ణి ఎంత దగ్గరికి రానిస్తారో తెలియాలంటే వేరే కొలత కావాలి. అమెరికన్ సామాజికవేత్త బొగార్డస్ 1920లలో తయారుచేసిన ‘సామాజిక దూరం’ కొలమానం అలాంటిది. ఫలానావారితో వియ్యమందుతారా, స్నేహం చేస్తారా, పొరుగున ఉండనిస్తారా, కలిసి పనిచేస్తారా, కనీసం దేశంలోకి రానిస్తారా అని మెట్టు మెట్టుగా అడుగుతుంది. కంచం పొత్తు, మంచం పొత్తు అని తెలుగువారు ఏనాడో చేసిన విభజనే అది. జెస్యూట్ ఫాదర్ మీహాల్ మాక్ గ్రేల్ దీన్ని ఐర్లాండ్‌కు తెచ్చి, 1970ల మొదట్లో డబ్లిన్‌లోనూ, తర్వాత రెండుసార్లు దేశమంతటా సర్వే చేశారు. సంచార జీవన మూలాలున్న ట్రావెలర్లను జనం దూరం పెట్టే తీరును వర్ణించడానికి ఆయన కులాన్నే పోలికగా తెచ్చారు. వేల మైళ్ల అవతల ఈ మాట చదివిన తెలుగువాడు ఉలిక్కిపడక మానడు.

మరి భారతీయుల మాట? 2022 జనాభా లెక్కల్లో భారత పౌరులు 45 వేలకు పైగా తేలారు. 2018 ఓటింగుకు ముఖచిత్రంగా నిలిచినది బెళగావి నుంచి వెళ్లిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్. గర్భస్రావం నిరాకరించడంతో 2012 అక్టోబర్ 28న గాల్వేలో సెప్సిస్‌తో ఆమె మరణించారు. డబ్లిన్‌లో గోడ మీద గీసిన ఆమె బొమ్మ చుట్టూ జనం చీటీలు అంటించారు. కానీ ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు ఐరిష్ పౌరులకే గనక, అక్కడి భారతీయుల్లో చాలామందికి ఆ రోజు ఓటే లేదు. పౌరసత్వానికి ఐదేళ్ల నివాసం చూపాలి, విద్యార్థులకిచ్చే ‘స్టాంప్ 2’ నివాస అనుమతి మీద గడిపిన కాలం లెక్కకు రాదు. పైగా ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోని భారత్‌ పాస్‌పోర్టును వదులుకోవాలి. కాబట్టి ఐర్లాండ్ తెలుగువారు ఎంత ఉదారులో ఆ పెట్టెల్లో వెతకడం దండగ.

అమెరికాలో వెతికారు. కార్నెగీ సంస్థ 2020లో 1,200 మంది భారతీయ అమెరికన్లను ప్రశ్నించగా, అమెరికా విషయాల్లో ఉదారంగా ఉన్నవారే భారత్ విషయాలకొచ్చేసరికి కాస్త సంప్రదాయం వైపు ఒరిగారు. అల్పసంఖ్యాకులుగా ఉన్నచోట ఒక న్యాయం, అధికసంఖ్యాకులైన చోట మరొకటి. డబ్లిన్‌లో వర్ణవివక్ష మీద మండిపడి, పెళ్లి సంబంధాల వాట్సాప్ గ్రూపులో కులం అడిగే ఇంటికి ఈ ఫలితం వింతగా తోచదు.

స్థానిక ఎన్నికల్లో మాత్రం ఐర్లాండ్‌లో నివసించే పద్దెనిమిదేళ్లు నిండిన ఏ దేశస్థుడైనా ఓటేయవచ్చు, పేరు నమోదైతే చాలు. గత ఎన్నికలు 2024 జూన్ 7న జరిగాయి, ఐదేళ్లకోసారి వస్తాయి.