నీరు ఎచ్చటికి పోవుచున్నది?

2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారొకటి మా సంఘపు పెద్ద యొకనికి కలదు. దూరము పోయినప్పుడెల్ల ఆవిరి గ్రక్కును. థర్మోస్టాటు, గొట్టములు, తుదకు రేడియేటరే మార్చిరి. అయినను నీరు తరుగుచునేయుండెను. నేలమీద చుక్కయైనను లేదు.

ముసలి మెకానిక్కు, ఇంజను చల్లబడిన తరువాతనే మూత తీసి (వేడిమీద ఆ మూత ముట్టకుము సుమా!), స్టార్టు చేయించెను. నీటిలో బుడగలు ఎడతెగక లేచెను. హెడ్ గాస్కెట్టు చెడి, సిలిండరులోని మంటగాలి నీళ్లలోనికి చొచ్చుచున్నదట. పైన ఎన్ని మార్చినను, ఇంజను విప్పక తప్పదనెను.

ఆ పెద్దయు అతని తమ్ముడును ప్రభువు బల్లయొద్దకు కలిసియే వత్తురు. పొలముగట్టు తగవు మాత్రము ఏండ్లు గడచినను ఆరలేదు. అతడు బుడగలను చాలసేపు చూచి, మెల్లగా అడిగెను: “అయ్యగారూ, తమ్ముడు ఇప్పుడు ఇంట నుండునా?”