నిద్రపోని ల్యాప్‌టాప్

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అంటారు. అక్కడ మెట్లెక్కుతుంటే అడుగడుగునా పిలుపులే: "ల్యాప్‌టాపా సార్? స్క్రీనా, బ్యాటరీనా?" నేను వెళ్లింది బ్యాటరీ కోసమే. నిండా ఛార్జింగ్ పెట్టినా మూడు గంటలకే చేతులెత్తేస్తోంది.

పై అంతస్తులో 'చిప్ లెవల్ సర్వీస్' బోర్డున్న కొట్టు. ముగ్గురు పడితే నాలుగోవాడు వరండాలో నిలబడాలి. ఒకతను మైక్రోస్కోపు కింద మదర్‌బోర్డు పెట్టుకుని సోల్డరింగ్ చేస్తున్నాడు. రెండో కుర్రాడు నా ల్యాప్‌టాప్ అందుకున్నాడు. స్క్రూడ్రైవర్ తీస్తాడనుకుంటే నల్లటి కమాండ్ విండో తెరిచి బ్యాటరీ రిపోర్టు తీశాడు. కొత్తలో 42,000 మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు 38,600.

"బ్యాటరీ మంచిగనే ఉంది సార్. కొత్తది ఏసినా గిట్లనే అయితది. లోపల ఏదో దీన్ని పండనిస్తలేదు."

రిసోర్స్ మానిటర్ తెరిచాడు. నేను ఏ ప్రోగ్రామూ తెరవలేదు, అయినా తెర మీద ఫైళ్ల పేర్లు బారులు తీరి పరుగెడుతున్నాయి. అన్నీ మా అమ్మాయి పెళ్లి ఫొటోలు!

"ఈ ఎక్స్ డ్రైవ్ ఏంది సార్?"

ఎస్‌ఎస్‌డీ నిండిపోయిందని ఫొటోలన్నీ క్లౌడ్‌లో పెట్టి, ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రామ్‌తో మా మేనల్లుడు తగిలించిన డ్రైవ్ అది. చూడ్డానికి సొంత డిస్కే. ల్యాప్‌టాప్‌లోని మిగతా సాఫ్ట్‌వేర్లూ అలాగే అనుకుంటాయి. చిక్కంతా అక్కడే. ముఖాలను బట్టి ఫొటోలు సర్దే సాఫ్ట్‌వేర్ ఒకటి మూలన కూర్చుని ఒక్కో ఫొటో తెరుస్తోంది. తెరిచిన ప్రతిదీ నెట్ మీంచి దిగాలి, ఎన్‌క్రిప్షన్ విప్పుకోవాలి, క్యాష్‌లో చేరాలి. వైఫైకి తెరిపి లేదు, ప్రాసెసర్‌కు గాఢనిద్ర లేదు. 6,000 ఫొటోలు, ఒక్కోటి 5 ఎంబీ వేసుకున్నా 30 జీబీ. పైగా ప్రత్యేకంగా చెప్పకపోతే, గంటసేపు ముట్టుకోని ఫైలును ఆర్‌క్లోన్ క్యాష్‌లోంచి తీసేస్తుంది. మళ్లీ కావాలంటే మళ్లీ దించుకోవాల్సిందే.

"నెట్ పోయినప్పుడు ఫోల్డర్ తెరిస్తే విండో బిగుసుకుపోతుందా?" అడిగాడు. నిజమే. అవతలి నుంచి జవాబు వచ్చేదాకా ఎక్స్‌ప్లోరర్ అలా ఎదురుచూస్తూ ఉండిపోతుందట.

ఫొటోల సాఫ్ట్‌వేర్ ఆపి, ఎక్స్ డ్రైవ్ విప్పేశాడు. అంతకుముందు పన్నెండు వాట్ల దగ్గరున్న వాడకం నాలుగు నిమిషాల్లో ఆరుకు దిగింది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి చూపించాడు: 38.6ను పన్నెండుతో భాగిస్తే మూడు గంటల పైచిలుకు, ఆరుతో భాగిస్తే ఆరు గంటలు దాటుతుంది.

"అయితే క్లౌడ్ తీసేయాలా తమ్ముడూ?"

"ఎందుకు సార్? ఆ సాఫ్ట్‌వేర్ లిస్టులకెల్లి ఎక్స్ డ్రైవ్ తీసెయ్యండి. రోజూ చూసే ఫొటోలు ఎస్‌ఎస్‌డీల పెట్టుకోండి. మిగిలినయి కావాలంటే ఛార్జర్ పెట్టి డ్రైవ్ తగిలించుకోండి, పనైనంక విప్పేయండి."

మాటల మధ్యలో ల్యాప్‌టాప్ ఫ్యాన్ ఆగింది. అది ఆగాక గానీ అంతసేపూ మోగుతోందని నాకు తెలియలేదు. నెలల తరబడి ఆ మోతను ముసలితనం అనుకున్నాను.