నోట్లో మేకులు

శనివారం పొద్దున గరాజ్‌లో నా స్టేప్లర్ గన్ పాములా బుసకొట్టడం మొదలుపెట్టింది. కంప్రెసర్ గొట్టం తగిలిస్తే చాలు, గాలి బయటికి తన్నుకొస్తోంది. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను చెక్కలోకి సగమే దిగి, మిగతా సగం పైకి నిక్కి చూస్తోంది. అప్పటికే ఆరు డైనింగ్ కుర్చీలకు పాత బట్ట ఊడదీసేశాను. ఆదివారం సాయంత్రం రెండు కుటుంబాలు భోజనానికి వస్తున్నాయి.

సీట్లకు బట్ట మార్చడానికి ఎంతవుతుందని ఒక షాపులో అడిగితే, వాళ్లు చెప్పిన కూలి కుర్చీలు కొన్న ధరను దాటిపోయింది. అలాగని ఈ పని తెలిసినవాళ్లకు నార్త్ కరోలినాలో కరువేం లేదు. మేముండే క్యారీకి గంటన్నర దూరంలో హై పాయింట్ ఉంది. 1909లో మొదలైన ఫర్నిచర్ సంత అక్కడ ఇప్పటికీ ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో జరుగుతుంది. సొరుగుల బీరువా ఆకారంలో 1926లో కట్టిన భవనమొకటి ఉంది, దాని సొరుగులోంచి రెండు పెద్ద మేజోళ్లు వేలాడుతుంటాయి. అలాంటి చోట ఉండి కూడా డబ్బు దగ్గర వెనకాడి, ‘ఆ మాత్రం నేను చేసుకోలేనా’ అని గన్ కొన్నాను.

మొరాయించిన మెషీన్ మీద ముందు బలం చూపించాను. 80 పీఎస్ఐ ఉన్న ఒత్తిడిని 100కి పెంచితే బుస పెరిగింది గానీ పిన్ను దిగలేదు. తర్వాత పిన్నుల మీద అనుమానం వచ్చింది. నాది 71 సిరీస్ గన్, అంటే 22 గేజ్ సన్న తీగ, పిన్ను వెడల్పు సుమారు 9 మిల్లీమీటర్లు. ఇంకాస్త వెడల్పుండే 80 సిరీస్ పిన్నులు దీంట్లో పట్టవు. పెట్టె మీద అంకె చూశాను, సరిగ్గానే ఉంది.

చివరికి గన్ పట్టుకుని పనిముట్ల షాపుకెళ్లాను. కౌంటర్ వెనకున్న పెద్దాయన ఒక్క ప్రశ్నే వేశాడు, గాలి ట్రిగ్గర్ నొక్కకముందే పోతోందా, నొక్కినప్పుడా అని. నొక్కకముందైతే ట్రిగ్గర్ వాల్వు రింగు, నొక్కినప్పుడైతే పిస్టన్ రింగు చూడమన్నాడు. నాకు రెండు చోట్లా పోతోంది. ఓ-రింగుల ప్యాకెట్టు చేతిలో పెట్టాడు. సినిమా టికెట్టు ఖరీదు కూడా లేదు.

ముందు గొట్టం ఊడదీసి, లోపలున్న పిన్నులు తీసేశాను. అలెన్ కీతో పైమూత మరలు విప్పితే పిస్టన్ చేతిలోకొచ్చింది. పిన్నును కొట్టే సన్నటి ఉక్కు పట్టీ దాని అడుగునే ఉంటుంది. సైకిల్ పంపులో తోలు వాషర్ ఎండితే గాలి ఎక్కనట్టే, ఇక్కడ రబ్బరు రింగు ఎండితే దెబ్బకు బలముండదు. గోటితో నొక్కితే నా రింగు ఎండిన వడియంలా చిట్లింది. దాని చుట్టూ తుప్పు తడి. గాలిని కుదించినప్పుడు అందులోని చెమ్మ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. ఆ నీళ్లు వదలడానికి కిందొక కుళాయి ఉందని తెలిసీ నేనెప్పుడూ తిప్పలేదు. తిప్పితే టీ రంగు నీళ్లు ధారకట్టాయి. గన్‌లో వెయ్యాల్సిన నూనె చుక్కలు కూడా ఏనాడూ వెయ్యలేదు.

మొన ఉన్న పనిముట్టు తగిలితే కొత్త రింగు తెగుతుందని, పళ్లు కుట్టుకునే పుల్లతో మెల్లగా ఎక్కించాను. ట్రిగ్గర్ వాల్వు రింగు కూడా అలాగే మార్చాను. పల్చగా సిలికాన్ గ్రీజు రాసి, గాలి వెళ్లే రంధ్రంలో రెండు చుక్కల నూనె వేసి గొట్టం తగిలించాను. చప్పుడు లేదు. 80 దగ్గరే టప్‌మని పిన్ను బట్టకు సమంగా కూర్చుంది.

ఇక వరసగా టప్, టప్. నాలుగో సీటు దగ్గర గుంటూరులో మా ఇంటి వరండా గుర్తొచ్చింది. సోఫా సాయిబు గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకునేవాడు. నాలుకతో ఒక్కోటి తిప్పి పెదాల మధ్యకు తెస్తే, అయస్కాంతం సుత్తి దాన్ని అందుకునేది. కొబ్బరి పీచు సర్ది, రెగ్జిన్ లాగి పట్టి, ముగ్గురు కూర్చునే సోఫాను సాయంత్రానికల్లా ముగించేవాడు. అమ్మ సరిగ్గా ఆయన నోటినిండా మేకులున్నప్పుడే బేరం మొదలెట్టేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. అమ్మ దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టేది. మేము పడీ పడీ నవ్వేవాళ్లం.

మెషీన్ చేతిలో పెట్టుకుని ఆరు సీట్లకు నాకు రెండు రోజులు పట్టింది.

ఆదివారం మధ్యాహ్నం అమ్మకు ఫోన్ చేశాను. “సోఫా సాయిబు పేరేంటమ్మా?”

కాసేపు ఆలోచించింది. “సాయిబూ అనే పిలిచేవాళ్లం కదరా. పేరెవరడిగారు? ఎందుకిప్పుడు?”

“ఆయనకు ఎంతిచ్చేవాళ్లం?”

“అడిగినదాంట్లో సగం దగ్గర మొదలెట్టేదాన్ని.” అది మాత్రం తడుముకోకుండా చెప్పింది.

సాయంత్రం వచ్చినవాళ్లు కుర్చీలు తడిమి చూసి, “ఎవరితో చేయించారండీ?” అనడిగారు. నేనే చేశానన్నాను. రాత్రి పది కాకముందే మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ సీట్ల ఫొటోలు వచ్చేశాయి, కింద ఇంటిపేరుతో సహా నా పేరు.