పళ్లెం మీద సీతాఫలం

అక్టోబర్ 7, డెర్బీ

వాన. మ్యూజియానికి వెళ్లి మళ్లీ పింగాణీ చిత్రకారుడు విలియం బిల్లింగ్స్‌లీ గులాబీల ముందే నిలబడ్డాను. పని నేర్చుకునే కుర్రాళ్లు చూసి వేయడానికి అతను వేసిపెట్టిన పళ్లెం కూడా ఇక్కడే ఉంది. అతనూ అలా చేరినవాడే: 1774లో, పదహారేళ్లప్పుడు, ఈ ఊరి పింగాణీ కార్ఖానాలో.

అంతకుముందు చిత్రకారులు రేకు మీద వెలుగు పడేచోట పింగాణీ తెల్లదనాన్ని ముట్టకుండా వదిలేసేవారు. ఇతను రేకంతా రంగు నిండా పూసి, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో వెలుగున్నంత మేర తుడిచేశాడు. అంతే తేడా. పక్క అల్మారాలోని పాత గులాబీలు కాగితంతో చేసినట్టున్నాయి, ఇతనివి మాత్రం తడిగా ఉన్నాయి.

అక్టోబర్ 14

పింగాణీ మీద బొమ్మలేసే క్లాసు. రంగుపొడిని టర్పెంటైన్‌తో, చిక్కటి నూనెతో పలక మీద మెదపడానికే గంట పట్టింది. పలుకు మిగిలితే కాల్చాక గరుకు తేలుతుందట.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లను చూశాను. గుడ్డ రంగు తాగేస్తుంది, గీసిన గీత గీసిందే. పింగాణీకి ఆ దాహం లేదు. గ్లేజు అనే గాజుపూత మీద రంగు ఊరికే కూర్చుని ఉంటుంది, బట్టీలో ఎనిమిది వందల డిగ్రీల దగ్గర గ్లేజులో కరిగి అతుక్కునేదాకా. అందుకే తుడవడం ఇక్కడ ఒక విద్య అయింది.

అక్టోబర్ 28

అందరూ గులాబీలు, పియర్ పళ్లు వేస్తుంటే నేను సీతాఫలం మొదలుపెట్టాను. టీచర్ చాలాసేపు చూసి, ఆర్టిచోకా అని అడిగింది. ప్రతి కన్నుకీ ఒక వెలుగు, రెండు కళ్ల మధ్య లేత గోధుమరంగు చారిక. తుడవడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పండు దొరకదు.

అమ్మకు ఫోన్లో చెప్పాను. "బాలానగర్ పండ్లు బుట్టలు బుట్టలొచ్చినయ్ ఈడ. నువ్వు తినక పల్లెం మీద ఏసుకుంటున్నవా బిడ్డా?" అంది. నోరెత్తలేదు నేను.

నవంబర్ 11

పండు పక్కన వేసిన గులాబీ మొగ్గ పాడైంది. ఈ గులాబీ రంగు పుట్టేది బంగారం నుంచి. వేడి చాలకపోతే గోధుమకు తిరుగుతుంది, మించితే ఊదాకు. నాది బెల్లం పాకం రంగులో వచ్చింది. ఎక్కువ వేడికి ఇంకోసారి పెడదామంటే పండు కాడకు పూసిన ఇనుప ఎరుపు ఎగిరిపోతుందేమోనని భయం. మొగ్గను అలాగే వదిలేశాను.

నవంబర్ 18

బిల్లింగ్స్‌లీ గురించే చదువుతున్నాను. అతన్ని పోనిస్తే ఈ పూల పద్ధతి మరో కార్ఖానాకు తెలిసిపోతుందని డెర్బీ కంపెనీ లండన్ ఏజెంటు యజమానిని హెచ్చరించాడు. అయినా 1796లో వెళ్లిపోయాడు. పూలు చాలలేదు అతనికి, తానే పింగాణీ చేయాలి. ఊళ్లు మారి మారి వేల్స్‌లో నాంట్‌గారూ చేరాడు. అక్కడి మట్టి మిశ్రమం తెల్లన, వెలుతురు కూడా దాటేది, కానీ చాలా భాగం బట్టీలోనే వంకరపోయేది. 1817లో కూతుళ్లిద్దరూ పోయారు. 1828లో అతనూ పోయాడు, చేతిలో చెప్పుకోదగ్గ డబ్బేమీ లేకుండానే. కుంచె పట్టుకుని డెర్బీలోనే ఉండాల్సిందని నాకనిపిస్తుంది. నాకేం, చెప్పడం సులువు.

డిసెంబర్ 2

పళ్లెం అంచు దగ్గర గ్లేజులో సూదిమొనంత నల్లచుక్క ఉంది, కొన్నప్పుడు చూసుకోలేదు. జర్మనీలోని మైసెన్ పింగాణీ కార్ఖానాలో ఇలాంటి లోపాల మీద ఈగనో పురుగునో, చిన్న పువ్వునో వేసి కప్పేవారట. నేను చీమ వేశాను, పండు వైపు నడుస్తున్నట్టు.

డిసెంబర్ 9

మూడో కాల్పు అయింది. నాలుగు కళ్లు మరీ ఎక్కువ తుడిచేశాను, బోడిగా ఉన్నాయి. తక్కినవి బాగున్నాయి. ఫోటో చూసి అమ్మ, "చీమ పట్టిందంటే పండు మాగినట్టే" అంది. మొగ్గ సంగతి అడగలేదు.