కింద గదైతే... కడుపు చల్లన!

ఎంత డబ్బు పెడితే అంత సుఖం. రైల్లోనైనా విమానంలోనైనా ఇదే లెక్క. ఆ లెక్క తలకిందులయ్యే ప్రయాణం ఒకటుంది. అక్కడ పై అంతస్తులో బాల్కనీ ఉన్న ఖరీదైన గది తీసుకున్నవారు మంచం దిగలేక మూలుగుతుంటే, తక్కువ ధరకి కింది అంతస్తులో చిన్నగది తీసుకున్నవారు తీరిగ్గా భోజనానికి వెళ్తుంటారు. అదే... అంటార్కిటికా నౌకాయాత్ర!

అర్జెంటీనా దక్షిణపు కొసన ఉంది ఉషువాయా. 'ప్రపంచపు చివర' అంటూ ఆ ఊరివాళ్లు గర్వంగా బోర్డులు పెట్టుకుంటారు. నవంబరు నుంచి మార్చి దాకా, అంటే అక్కడి వేసవిలో, మంచు ఖండానికి వెళ్లే ఓడలు ఎక్కువగా బయల్దేరేది ఇక్కణ్నుంచే. వీటిలో చాలావరకూ వందా రెండొందలమంది పట్టే చిన్న ఓడలే. దానికో కారణముంది. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడలు అంటార్కిటికాలో ఎవరినీ ఒడ్డుకు దించకూడదు. చిన్న ఓడలైనా సరే, ఒకచోట ఒకేసారి వందమందికి మించి దించకూడదు. అంటే ఓడ ఎంత చిన్నదైతే పెంగ్విన్ల మధ్య అంత ఎక్కువసేపు గడపొచ్చన్నమాట. కాకపోతే చిన్న ఓడకి అలల తాకిడీ ఎక్కువే!

రెండ్రోజుల ఉయ్యాల

ఉషువాయా నుంచి అంటార్కిటికా ద్వీపకల్పం సుమారు వెయ్యి కిలోమీటర్లు. మధ్యలో ఉన్నది డ్రేక్ జలసంధి. ఆ అక్షాంశాల్లో భూగోళం చుట్టూ గాలికీ అలకీ అడ్డుపడే నేలే లేదు. అందుకే అక్కడి సముద్రం అంత ఉగ్రంగా ఉంటుంది. దాటడానికి దాదాపు రెండ్రోజులు, తిరిగి రావడానికి మరో రెండ్రోజులు. అదృష్టం బాగుంటే చెరువులా ఉంటుంది. లేదంటే బల్లమీది కప్పులు కూడా నిలవవు. ఏది ఎదురవుతుందో నెలల ముందు టికెట్టు కొనేటప్పుడు ఎవరూ చెప్పలేరు. కాబట్టి గదిని ఎంచుకునేటప్పుడు ఆలోచించాల్సింది బయటి దృశ్యం గురించి కాదు, డ్రేక్ గురించి.

ఆర్టీసీ బస్సులో వెనక సీట్లో కూర్చుంటే కుదుపులెక్కువ, మధ్యలో తక్కువ. ఓడా అంతే. అల ఎదురైనప్పుడు ముందుభాగం లేస్తే వెనకభాగం దిగుతుంది. నడిమి భాగం పెద్దగా కదలదు. ఇక ఎత్తు సంగతి. గాలికి కొబ్బరిచెట్టు ఊగేటప్పుడు మొదలు కదలదు, మొవ్వు ఊగిపోతుంది. ఓడ పక్కలకి ఒరిగినప్పుడు పై అంతస్తుల పరిస్థితీ అదే. కాబట్టి కింది అంతస్తులో, ఓడకి నడుమన ఉన్న గది కడుపుకి మేలు. చాలా ఓడల్లో తక్కువ ధర గదులు ఉండేదీ కింది అంతస్తుల్లోనే.

మ్యాపు చూశాకే డబ్బు

అలాగని ఏ కింది గదైనా ఫర్వాలేదనుకోకూడదు. డబ్బు కట్టేముందు ఓడ అంతస్తుల మ్యాపు అడిగి తీసుకోవాలి. గదికి పైనా కిందా పక్కనా ఏముందో చూడాలి. ముందుభాగంలో లంగరు గొలుసు మోత, అలల దెబ్బలు తప్పవు. వెనకవైపు ఇంజను హోరు, ప్రొపెల్లరు అదురు. వంటగదికి ఆనుకుని ఉన్న గదిలో తెల్లవారుజామునే చప్పుడు మొదలవుతుంది.

మోకాళ్ల నొప్పులున్నవారు లిఫ్టు ఉందో లేదో ముందే కనుక్కోవాలి. లేకపోతే కింది గది నుంచి భోజనశాలకి రోజూ అన్నిసార్లు మెట్లెక్కలేరు. అలాంటివారు ఒక అంతస్తు పైన, నడిమి గది తీసుకోవడం నయం. పెద్దవాళ్లకి రెండంతస్తుల మంచాల్లో పైది వద్దు. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో కూడా అడగాలి.

కింది గదుల కిటికీలు చిన్నవి, గుండ్రంగా ఉంటాయి. సముద్రం రేగినప్పుడు సిబ్బంది వాటిని ఇనుప మూతలతో మూసేస్తారు. విసుక్కోకూడదు. 2022 నవంబరు 29న ఉషువాయాకి తిరిగొస్తున్న ఓ ఓడను పెద్ద అల తాకి గదుల కిటికీ అద్దాలు బద్దలయ్యాయి. ఒక ప్రయాణికురాలు మరణించారు, నలుగురు గాయపడ్డారు. ఇలాంటివి చాలా అరుదు. అయినా కిటికీ దగ్గర నిలబడొద్దని సిబ్బంది చెబితే వినాల్సిందే.

ఆసుపత్రి... సముద్రానికి అవతల!

ఓడలో ఓ డాక్టరు ఉంటారు. కుట్లు వేస్తారు, సెలైన్ పెడతారు. ఆపరేషన్ అవసరమైతే మాత్రం మళ్లీ డ్రేక్ దాటాల్సిందే. కింగ్ జార్జ్ దీవిలో చిన్న రన్‌వే ఉన్నా, విమానం దిగాలంటే వాతావరణం అనుకూలించాలి. అందుకే రోగిని తరలించే ఖర్చుతో సహా ఇన్సూరెన్స్ ఉంటేనే చాలా సంస్థలు ఓడ ఎక్కనిస్తాయి. పాలసీ అంటార్కిటికాకి వర్తిస్తుందా, ఉన్న బీపీ, షుగర్లకి కూడా వర్తిస్తుందా అన్నది చదివి మరీ తీసుకోవాలి.

రోజూ వేసుకునే మందులు రెట్టింపు తీసుకెళ్లాలి. అవి చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద సూట్‌కేసు విమానాలు మారేచోట ఆగిపోయినా ఓడ ఆగదు. షుగరు ఉన్నవారు మరో ప్రశ్న కూడా తమ డాక్టర్ని ముందే అడగాలి: వాంతులై తిండి సహించకపోతే ఇన్సులిన్, మాత్రలు ఎలా సర్దుకోవాలి? ఇది ఇంటి దగ్గర తేల్చుకోవాల్సిన విషయం, నడిసముద్రంలో కాదు.

కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటే అదీ వాంతిలోనే పోతుంది. ఓడ బయల్దేరాక కొన్ని గంటలపాటు బీగిల్ కాలువలో నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. మందు పనిచేయడం ఆలోపే మొదలవ్వాలి. చెవి వెనక అంటించుకునే స్కోపొలమైన్ పట్టీ మూడు రోజుల దాకా పనిచేస్తుంది. గ్లకోమా ఉన్నవారు వాడకూడదు, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారు డాక్టర్ని అడక్కుండా వాడకూడదు. అల్లం ముక్క కొందరికి ఉపశమనాన్నిస్తుంది. ఖాళీ కడుపుతో ఉండకూడదు, పుస్తకం చదవకూడదు. దూరంగా నింగీ నీరూ కలిసే గీతను చూస్తూ కూర్చోవడం మంచిది.

నిజానికి వికారం రెండ్రోజుల్లో పోతుంది. జారిపడి ఎముక విరిగితే యాత్రే పోతుంది. అందుకే నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ కడ్డీమీదే ఉండాలన్నది ఓడల్లో మొదటి పాఠం. తలుపు అంచుమీద వేళ్లు పెట్టకూడదు. ఇక నలుగురూ కలిసి తినేచోట నోరోవైరస్ వస్తే చకచకా పాకుతుంది. దానిమీద శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్లే దిక్కు.

పెంగ్విన్లకీ జాగ్రత్తే

2023 అక్టోబరులో దక్షిణ జార్జియా ప్రాంతానికి, 2024 ఫిబ్రవరికల్లా అంటార్కిటికా ద్వీపకల్పానికి బర్డ్‌ఫ్లూ చేరింది. అందుకే ఒడ్డుకి దిగేముందూ ఎక్కాకా బూట్లు మందునీళ్లలో కడుగుతారు. మంచుమీద కూర్చోవడం, సంచి కింద పెట్టడం నిషేధం. పెంగ్విన్లకి కనీసం అయిదు మీటర్ల దూరంలో ఉండాలి. మంచు మీంచి పడే ఎండ కళ్లకీ చర్మానికీ చేటు కాబట్టి నల్లద్దాలూ సన్‌స్క్రీనూ తప్పనిసరి.

ఇంతకీ బాల్కనీ గది తీసుకోనివారు ఏం పోగొట్టుకుంటారు? పెద్దగా ఏమీ లేదు. తిమింగలం కనిపిస్తే మైకులో చెబుతారు, అందరూ పరుగెత్తేది పైన ఉన్న డెక్ మీదకే. ఒడ్డుకెళ్లే రబ్బరు పడవలో ఖరీదైన గదివారూ చౌక గదివారూ అంచుమీద పక్కపక్కనే కూర్చోవాల్సిందే. గదిలో మిగిలిన డబ్బుని మంచి ఇన్సూరెన్స్‌కి వాడుకుంటే... అసలైన సుఖం అదే!